మైక్రాన్లు కొలిచే ప్రాజెక్టు మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. లోహపు కడ్డీల్లో అల్ట్రాసోనిక్ (చెవికి వినపడనంత వేగమైన) కంపనాలు ఎంత మేర ఊగుతున్నాయో కొలిచే ప్రాజెక్టు చేస్తున్నాడు. ఆరు నెలలుగా అదే లోకం. అది వదిలేసి అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమని బంధువులు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, నాచారం)

జవాబు: అమ్మా, మాన్పించకండి. వాడు చేస్తున్న పని ఎలాంటిదో ముందు చెబుతాను.

సెకనుకు 20 వేల సార్లు కంపించే కడ్డీ కొస, తన ఊపు మధ్య స్థానం నుంచి 20 మైక్రాన్లు జరుగుతోందనుకోండి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అది తలవెంట్రుక మందం కూడా కాదు. కంటికి కడ్డీ కదలనట్టే ఉంటుంది. కానీ లెక్కవేస్తే ఆ కొస త్వరణం గురుత్వ త్వరణానికి 30 వేల రెట్లు దాటుతుంది! మామూలు సెన్సర్ అంటిస్తే ఊడిపోతుంది. ఊడకపోయినా దాని బరువుకే కడ్డీ ఊగే తీరు మారిపోతుంది. అందుకే తాకకుండా కొలవాలి. కొస మీద లేజర్ వేసి, తిరిగొచ్చిన కాంతిని అసలు కాంతితో కలిపితే వెలుగు, చీకటి చారలు వస్తాయి. హీలియం-నియాన్ లేజర్ తరంగదైర్ఘ్యం 632.8 నానోమీటర్లు (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు). కాంతి వెళ్లి తిరిగి వస్తుంది కాబట్టి కొస అందులో సగం, అంటే 316.4 నానోమీటర్లు, జరిగిన ప్రతిసారీ ఒక చార దాటుతుంది. ఇక లోహంలో పగుళ్లు వెతికే అల్ట్రాసోనిక్ తరంగాల్లో కదలిక నానోమీటర్లలోనే ఉంటుంది. అక్కడ ఒక్క చార కూడా పూర్తిగా దాటదు, నాయిస్‌లోంచి (అక్కర్లేని అలజడిలోంచి) సిగ్నల్‌ను ఏరుకోవాలి.

ఈ నేర్పు అవసరమైన చోట్లు మన ఊళ్లోనే ఉన్నాయి. మీ నాచారానికి దగ్గర్లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఇంధన గొట్టాలను అల్ట్రాసోనిక్స్‌తోనే పరీక్షిస్తారు. కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, ప్రత్యేక లోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ మిధాని ఉన్నాయి. పరిశోధన వైపు వెళ్లాలంటే గేట్, సీఎస్‌ఐఆర్ నెట్ రాయాలి. వాటికి ఇప్పటి నుంచే రోజూ రెండు గంటలు కేటాయించమనండి.

అమీర్‌పేట అసలు వద్దని నేను అనను. పైథాన్ నేర్చుకుంటే తన సిగ్నళ్లను తనే విశ్లేషించుకోగలడు, రేపు దారి మార్చుకోవాలన్నా పనికొస్తుంది. కానీ 'పదిహేను రోజుల్లో ఎన్‌డీటీ లెవెల్-2, గల్ఫ్‌లో ఉద్యోగం' అనే ప్రకటనలు చూసి డబ్బు కట్టకండి. ఎన్‌డీటీ అంటే వస్తువును పాడుచేయకుండా లోపాలు వెతికే పరీక్ష, లెవెల్-2 అందులో ఒక అర్హత స్థాయి. లెవెల్-2కి క్లాసులు, పరీక్షలే కాదు, పని చేసిన గంటలు కూడా కావాలి. ఎక్కువగా వాడే ఏఎస్‌ఎన్‌టీ (ఈ పరీక్షల అమెరికా సంఘం) పద్ధతిలో సర్టిఫికెట్ ఇచ్చేది ఉద్యోగమిచ్చిన సంస్థే. ముందు ఒక ఇన్‌స్పెక్షన్ కంపెనీలో ట్రైనీగా చేరడం నయం.

ఈ ఆదివారం వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కటే అడగండి: "నాన్నా, నీ కొలత ఊపు మధ్య నుంచి ఒక అంచు దాకానా, ఊపు ఈ అంచు నుంచి ఆ అంచు దాకానా? అందులో తప్పు ఎంత ఉండొచ్చు?" మొదటిది తేల్చకపోతే జవాబు రెట్టింపు తేడా వస్తుంది. రెండోది చెప్పలేకపోతే మిగిలిన సెమిస్టర్ అంతా దాని మీదే పెట్టమనండి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి తవ్వేది అక్కడే.