నాణెం అంచు నెలవంకలా తెగి ఉంటే అది టంకశాల తప్పేనా?

మీ అయిదు రూపాయల బిళ్ళకు ఒక పక్క నెలవంక మేర లోహం లేదు, అది టంకశాలలో జరిగిన పొరపాటా, ఎవరైనా కోసిందా, అమ్మితే ఎంత వస్తుంది అని అడిగారు. చాలా ఏళ్లుగా ఇలాంటివి పోగుచేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను: తెగిన వైపు వదిలేసి, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూడండి.

టంకశాలలో ముందుగా పొడవాటి లోహపు పట్టీ నుంచి బిళ్ళలు కత్తిరిస్తారు. పట్టీ చాలినంత ముందుకు జరగకపోతే, పాత రంధ్రం మీద కొంత కోత పడి బిళ్ళ కొరతగా వస్తుంది. తర్వాత ఆ బిళ్ళను నొక్కి చుట్టూ గట్టు లేపుతారు. తెగినచోట ఒత్తిడి అందదు కనుక ఎదుటి గట్టు కూడా సరిగా లేవదు. అక్కడ గట్టు పలచబడి ఉంటే మీ నాణెం చాలావరకు నిజమైనదే. నిండుగా, పదునుగా ఉంటే ఆకురాయి పనేమోనని అనుమానించాలి. తూకం మీద ఆధారపడకండి. రాగి, నికెల్ కలిపిన అయిదు రూపాయల నాణెం 9 గ్రాములు ఉంటుంది, కానీ ఇంట్లో కోసినా బరువు తగ్గుతుంది కదా!

అసలు మోసం ఎక్కువ బ్రొకేజ్ అనే ఇంకో రకం లోపంలో. ముద్ర పడిన నాణెం పై అచ్చుకే అతుక్కుపోతే, తర్వాతి బిళ్ళకు ఒకవైపు మామూలు బొమ్మ, రెండో వైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్టు ఎడమ కుడిగా మారి, లోపలికి దిగి ఉంటుంది. ఒక నాణేల ప్రదర్శనలో అలాంటి అణా చూపించి గట్టి ధర చెప్పారు. తిప్పి చూస్తే రాజుగారి ముక్కు, చెవి చదునైపోయి ఉన్నాయి. రెండు నాణేలను వైస్‌లో, అంటే మరతిప్పి గట్టిగా నొక్కే బిగింపులో, బిగిస్తే అంతే అవుతుంది. నవ్వుకుని వచ్చేశాను.

ధర కొనేవాడు దొరికినప్పుడే తేలుతుంది. లక్షలు ఇస్తాం, ముందు కమీషన్ కట్టండి అనేవారి దగ్గరకు పోకండి. రిజర్వు బ్యాంకు తన పేరు వాడుకునే ఇలాంటివారి గురించి 2021 ఆగస్టులో హెచ్చరిక కూడా జారీ చేసింది. చింతపండుతో తోమకండి, పాత రంగు పోతే కొనేవారు మొహం తిప్పుకుంటారు.

నన్నడిగితే లోపాలకంటే అచ్చు రకాల్లోనే రుచి ఎక్కువ. లోపం ఒక్క బిళ్ళకు జరిగే ప్రమాదం. అచ్చు తేడా ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా ఉంటుంది, కాబట్టి వెతికితే దొరుకుతుంది. విక్టోరియా రూపాయి మీద 1874 వరకు 1862 అనే సంవత్సరమే ఉండేది. బొంబాయి టంకశాల మాత్రం తేదీ దగ్గర చుక్కలు పెట్టి ఏడాదిని గుర్తుపట్టేలా చేసింది. భూతద్దం పట్టుకుని ఆ చుక్కలు లెక్కపెడుతూ కూర్చుంటే భోజనం సంగతి గుర్తుండదు. 1911 నాటి జార్జి రూపాయిని కూడా కొందరు లోపాల్లో కలిపేస్తారు. రాజు అంగీ మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవై 1912లో బొమ్మ మార్చారు. అది గీసినవారి తప్పు, కొట్టినవారిది కాదు.

మొదలుపెట్టడానికి వెండి రూపాయలు అక్కర్లేదు. జేబులో చిల్లర తీసి సంవత్సరం కింద చూడండి: అయిదు మొనల నక్షత్రం ఉంటే మన హైదరాబాద్ టంకశాలది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది, గుండ్రటి చుక్క ఉంటే నోయిడాది.