బండలెక్కే అబ్బాయికి జియాలజీ చదువు సరిపోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. ఆదివారం వస్తే ఖాజాగూడ బండల దగ్గర, సెలవులు దొరికితే భువనగిరిలో రాక్ క్లైంబింగ్ చేస్తుంటాడు. ఇప్పుడు బీటెక్ వద్దు, జియాలజీ చదువుతానని పట్టుబడుతున్నాడు. బండలెక్కే సరదాను చూసి చదువు ఎంచుకోవచ్చా? ఆ చదువుకు ఉద్యోగాలు ఉన్నాయా? – ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: మీ అబ్బాయికి బండ ఎక్కడం ఇష్టమా, బండను గురించి తెలుసుకోవడం ఇష్టమా అన్నది ముందుగా తేలాలి. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు కానీ, జీవనాధారంగా చూసినప్పుడు రెండూ వేర్వేరు దారులు. ఎక్కడం మీద మాత్రమే ఆధారపడే ఉద్యోగాలు మన దగ్గర చాలా తక్కువ. భువనగిరి కొండ మీద శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు శిఖరాన్ని చేరుకున్న సంగతిని పిల్లలు తరచు ఉదాహరణగా చెబుతుంటారు. అది నిస్సందేహంగా గొప్ప ఘనతే, అయితే దానిని నెలనెలా జీతం వచ్చే వృత్తికి నమూనాగా తీసుకోలేము. ఉత్తరకాశీ, డార్జిలింగ్‌లలోని పర్వతారోహణ సంస్థల్లో కోర్సులు పూర్తిచేసి శిక్షకులుగా స్థిరపడినవారు ఉన్నారు కానీ, వారిలో చాలామందికి పని సీజన్‌ను బట్టి దొరుకుతుంది.

ఇక బండను తెలుసుకోవడం విషయానికి వస్తే, మీ అబ్బాయి ఇప్పటికే సగం పాఠశాలలో ఉన్నాడనే చెప్పాలి. ఖాజాగూడలో అతడు పట్టుకుని వేలాడే గ్రానైట్ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల చాలా లోతున చల్లారి గట్టిపడిన ఆ రాయి, పైనున్న పొరలన్నీ కోట్ల సంవత్సరాలపాటు అరిగిపోయిన తరువాత బయటపడింది. భారం తగ్గేకొద్దీ రాతిలో నిలువుగానూ అడ్డంగానూ చీలికలు ఏర్పడ్డాయి. ఆ చీలికల్లోకి దిగిన నీరు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని నెమ్మదిగా బంకమన్నుగా మార్చింది. దిమ్మకు మూలల దగ్గర నీరు ఒకేసారి రెండు మూడు వైపుల నుంచి తగులుతుంది కనుక ముందుగా మూలలు పోయి, నడిమి భాగం గుండ్రంగా మిగిలింది. చుట్టూ ఉన్న మొరం వానలకు కొట్టుకుపోయాక, ఎవరో పేర్చినట్లు ఒకదానిమీద ఒకటి నిలిచిన బండలు మనకు కనిపిస్తున్నాయి. భువనగిరి కొండది మరో తీరు. అక్కడ రాయి ఉల్లిపొరల వలె పలకలు పలకలుగా విడిపోతుంది. అందువల్లనే అక్కడ పట్టుకోవడానికి గట్లు తక్కువగా ఉండి, బూటు అడుగు రాపిడి మీద ఆధారపడి ఎక్కవలసి వస్తుంది.

ఒక చిన్న విషయం గమనించండి. అనుభవమున్న క్లైంబరు పలుచని పలక మీద బరువు మోపే ముందు వేలి కణుపులతో దానిని తట్టి చూస్తాడు. గట్టి శబ్దం వస్తే నమ్ముతాడు, డొల్లగా మోగితే చెయ్యి తీసేస్తాడు. కొండవాలు భద్రతను పరిశీలించడానికి వెళ్లిన జియాలజిస్టు కూడా సుత్తితో ఇదే పని చేస్తాడు. తేడా ఏమిటంటే, ఆ పలక వెనుక చీలిక ఏ దిశలో ఎన్ని డిగ్రీలు వాలి ఉందో దిశతోపాటు వాలునూ చూపే బ్రంటన్ దిక్సూచితో కొలిచి, నోటుబుక్కులో రాసుకుని, అటువంటి కొలతలు అనేకం సేకరించి, ఏ దిమ్మ ఎటు జారే అవకాశముందో లెక్కగడతాడు. మీ అబ్బాయికి ఈ రెండో భాగం విసుగనిపిస్తే జియాలజీ అతడికి సరిపడదు. ఆసక్తి కలిగితే మాత్రం ఆ ఆసక్తిని సరదా అని తీసిపారేయడం సరికాదు.

ఈ రెండు నైపుణ్యాలూ కలిసే చోటు మన రాష్ట్రాలలోనే ఉంది. 2021 డిసెంబరులో భారీ వర్షాల తరువాత తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు విరిగిపడి, రాకపోకలు నిలిచిపోయాయి. అక్కడ కొండపైభాగం గ్రానైట్ కాదు, ఇసుకరాయి మార్పు చెంది గట్టిపడిన క్వార్ట్‌జైట్. ఎంతో గట్టి రాయే అయినా పొరలు, నిలువు చీలికలు కలిసిన చోట దిమ్మలుగా విడిపోయే స్వభావం కలది. (తిరుమల ఘాట్ రోడ్డు పక్కన, అడుగున ఉన్న ప్రాచీన గ్రానైట్ మీద ఈ క్వార్ట్‌జైట్ వచ్చి కూర్చున్న హద్దు జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. రెండు రాళ్ల నడుమ దాదాపు 80 కోట్ల సంవత్సరాల విరామం ఉందని చెబుతారు. ఈసారి తిరుపతి వెళ్లినప్పుడు మీ అబ్బాయికి తప్పక చూపించండి.) ఇటువంటి నిలువు కొండముఖాలను కింద నిలబడి దూరదర్శినితో చూడటం వేరు, తాడు మీద దిగి చీలికలను చేతితో కొలవడం వేరు. ఘాట్ రోడ్లు, రైలు మార్గాలు, ఆనకట్టలు, ఓపెన్‌కాస్ట్ గనులు ఉన్నచోట ఈ రెండో రకం పని చేయగల జియాలజిస్టుకు విలువ ఉంటుంది. తాడు మీద పనిచేయడానికి ఇరాటా వంటి అంతర్జాతీయ ధ్రువీకరణ ఉంది. అందులో మొదటి స్థాయి నుంచి రెండో స్థాయికి వెళ్లాలంటే కనీసం ఏడాది కాలం, 1,000 గంటల పని నమోదై ఉండాలి. క్లైంబింగ్ అలవాటు అక్కడ ఉపయోగపడుతుంది కానీ, ధ్రువీకరణకు అది ప్రత్యామ్నాయం కాదు.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి దాపరికం లేకుండా చెబుతాను. బీఎస్సీ జియాలజీతో ఆగిపోతే చెప్పుకోదగ్గ ఉద్యోగం దొరకడం కష్టం. ఈ రంగంలో ఎమ్మెస్సీ అన్నది అదనపు అర్హత కాదు, ప్రవేశ ద్వారం. కాబట్టి కనీసం ఐదేళ్ల చదువుకు మీరు సిద్ధపడాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వస్తే ఐఐటీ ఖరగ్‌పూర్‌లోనూ ధన్‌బాద్‌లోనూ అప్లైడ్ జియాలజీలో నేరుగా చేరవచ్చు. లేకుంటే జియాలజీ ప్రధానాంశంగా డిగ్రీ చేసి, ఎమ్మెస్సీ ప్రవేశానికి జరిగే ఐఐటీ జామ్ పరీక్ష రాసి ఐఐటీలలోనో, లేదా ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలలోనో ఎమ్మెస్సీ చేయవచ్చు.

ఆ తరువాత ప్రధానమైన దారి యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష. జనరల్ అభ్యర్థులకు వయోపరిమితి 21 నుంచి 32 సంవత్సరాలు. ప్రిలిమినరీ 400 మార్కులకు, మెయిన్స్ 600 మార్కులకు, ఇంటర్వ్యూ 200 మార్కులకు ఉంటాయి. దీని ద్వారా జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్టుగా, కేంద్ర భూగర్భ జల మండలిలో హైడ్రోజియాలజిస్టుగా గ్రూప్-ఏ ఉద్యోగాలు లభిస్తాయి. జియలాజికల్ సర్వే 1851లో ఏర్పడింది. దాని శిక్షణ సంస్థ మన బండ్లగూడలోనే ఉండగా, క్షేత్ర శిక్షణ కేంద్రాలలో ఒకటి కర్ణాటకలోని చిత్రదుర్గలో ఉంది. చిత్రదుర్గ పేరు వినగానే మీ అబ్బాయి ముఖం వెలిగిపోతుందని నా ఊహ, ఎందుకంటే ఆ కోట గోడలూ బండలూ క్లైంబర్లకు బాగా తెలిసినవే. హైదరాబాద్‌లోనే అణుఖనిజాల అన్వేషణ సంస్థ, ఇనుప ఖనిజం తవ్వే ప్రభుత్వ సంస్థ ఎన్ఎండీసీల ప్రధాన కార్యాలయాలు, ఉప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉన్నాయి. బొగ్గు రంగంలో సింగరేణి ఉంది. అయితే ఖాళీల సంఖ్య ఏటా మారుతుంది, పోటీ గట్టిగా ఉంటుంది. ఎమ్మెస్సీ తరువాత రెండు మూడేళ్లు తయారీలో గడపవలసి రావచ్చు. ఆ కాలాన్ని ఇంటి ఆర్థిక పరిస్థితి భరించగలదా లేదా అన్నది మీరు ఇప్పుడే అతడితో కూర్చుని మాట్లాడవలసిన విషయం. ఉద్యోగం వచ్చాక కూడా సంవత్సరంలో నెలల తరబడి అడవుల్లో, గుడారాల్లో, ఫోను సిగ్నల్ అందని చోట ఉండవలసి వస్తుంది.

మీ బీటెక్ ఆలోచనను కూడా నేను కొట్టివేయను. అబ్బాయి ఆసక్తి ఖనిజాల మీదకంటే కొండవాలుల స్థిరత్వం, సొరంగాలు, పునాదుల మీద ఉన్నట్లయితే, సివిల్ ఇంజినీరింగ్ చదివి జియోటెక్నికల్ విభాగంలో ఎంటెక్ చేసినా అదే కొండ దగ్గరికి మరో వైపు నుంచి చేరుకుంటాడు. ఆ దారిలో నాలుగేళ్లకే ఒక ఉద్యోగార్హత చేతికొస్తుందన్నది మీవంటి తల్లిదండ్రులకు ఊరటనిచ్చే అంశం. కానీ కంప్యూటర్ సైన్సులో బలవంతంగా చేర్పించి, బండలను ఆదివారాలకు పరిమితం చేయడం మాత్రం నేను సూచించను.

ఎటూ తేల్చుకోలేకపోతే ఒక పని చేయించండి. వచ్చే నాలుగు ఆదివారాలు ఎక్కడానికి వెళ్లినప్పుడు, ఎక్కిన ప్రతి బండకూ ఒక పేజీ చొప్పున చీలికల బొమ్మ గీయమనండి. వాటి దిశను ఫోనులోని దిక్సూచితో కొలవమనండి. రాతిలో గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ ఎక్కడుంది, పలుగురాయి ఎక్కడుంది, డోలరైట్ అనే నల్లరాయి గోడలా ఏదైనా చోట గ్రానైట్‌ను కోసుకుంటూ పోతోందా అన్నది రాయమనండి. రెండో వారానికే పేజీలు ఖాళీగా మిగిలితే అతడికి కావలసింది ఆట. నాలుగో వారానికి మీరు అడగకుండానే పుస్తకం నిండితే, డిగ్రీ ప్రవేశాల దోస్త్ వెబ్ ఆప్షన్లలో మూడేళ్లూ జియాలజీ ఉన్న కోర్సునే మొదటి స్థానంలో పెట్టండి. చేరే ముందు ఆ కళాశాలకు స్వయంగా వెళ్లి, గత సంవత్సరం విద్యార్థులను ఫీల్డు పర్యటనకు ఎక్కడికి, ఎన్ని రోజులు తీసుకెళ్లారో అడిగి తెలుసుకోండి.