దూరం నుంచి ఆరోగ్యాన్ని గమనించే పరికరాలతో పెద్దవారి జీవితం మెరుగుపడుతుందా?

విడిగా ఉంటున్న తల్లిదండ్రులకు బీపీ, ఆక్సిజన్, బరువు కొలతలను ఆస్పత్రికి పంపే పరికరాలు కొనిస్తే వారి జీవన నాణ్యత పెరుగుతుందా అని అడిగారు. గుండె వైఫల్యంతో బాధపడుతున్న మా అమ్మకు ఇలాంటి ఏర్పాటే ఉంది. ఆ అంకెను అదే రోజు చూసి, ఏం చేయాలో చెప్పే మనిషి అవతల ఉంటేనే మేలు జరుగుతుందని నా అభిప్రాయం.

అమ్మ రోజూ ఉదయం ఏమీ తినకముందే తూకం యంత్రం ఎక్కుతుంది. ఈ జబ్బులో ఒంట్లో నీరు చేరితే, ఆయాసం ముదరకముందే బరువు పెరగడం చాలాసార్లు కనిపిస్తుంది. అందుకే రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే వెంటనే చెప్పమంటారు. ఒకసారి అలా పెరిగినప్పుడు నర్సు ఫోన్ చేసి, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారని అడిగింది. ఒక్కటి సరిపోయేది, ఇప్పుడు పడుకుంటే ఆయాసం వచ్చి మూడు కావలసి వస్తున్నాయని అమ్మ చెప్పింది. డాక్టరుగారు వీడియో కాల్‌లోకి వచ్చి, చీలమండ దగ్గర వేలితో నొక్కించి, గుంట పడటం చూసి, నీరు తగ్గించే మాత్ర మోతాదు పెంచారు. ఆస్పత్రిలో చేరే అవసరం రాలేదు. దిండ్ల సంగతి ఏ యంత్రమూ పంపదు కదా!

జర్మనీలో జరిగి 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఇలాంటి రోగులను 24 గంటలూ వైద్యులు ఉండే కేంద్రం నుంచి గమనించారు. గుండె జబ్బుతో హఠాత్తుగా ఆస్పత్రిపాలవడం వల్ల, మరణం వల్ల కోల్పోయిన రోజులు మామూలు వైద్యంలో ఏడాదికి సగటున 24.2 కాగా, వీరిలో 17.8 మాత్రమే. అయితే ఇంగ్లండ్‌లో దీర్ఘకాలిక రోగులపై జరిగిన మరో పెద్ద అధ్యయనం 2013లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, ఏడాది గడిచినా జీవన నాణ్యతలో గానీ ఆందోళనలో గానీ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

ఇది నాకు వింతగా అనిపించలేదు. బీపీ కాస్త ఎక్కువ చూపితే అమ్మ కంగారుపడి మళ్లీ మళ్లీ కొలుచుకునేది, కంగారుకు అది ఇంకా పెరిగేది. 5 నిమిషాలు కదలకుండా కూర్చున్నాకే, చేతిని గుండె ఎత్తులో ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు మాత్రమే కొలవాలని నర్సు చెప్పాక కుదుటపడింది. వేళ్లు చల్లబడితే ఆక్సిజన్ కొలత కూడా తప్పుగా రావచ్చు. ఇక నేను ఫోన్ చేస్తే అంకెలు అడగను, అవి ఎలాగూ నర్సుకు చేరుతున్నాయి.

కొనే ముందు, సెలవు రోజుల్లో కొలతలను ఎవరు చూస్తారో, తేడా వస్తే ఎంతసేపట్లో ఫోన్ చేస్తారో ఆస్పత్రివారిని అడిగి తెలుసుకోండి.