ఆరున్నర అడుగుల కుర్రాణ్ణి రింగు కింద నిలబెట్టడం ఎత్తుగడ కాదు

మీ కళాశాల బాస్కెట్‌బాల్ జట్టులో పొడగరులు ముగ్గురున్నారనీ, పరుగున్నవాళ్లు తక్కువనీ, అయినా కొత్త కోచ్ మొదటి నిమిషం నుంచే ఫుల్ కోర్ట్ ప్రెస్, అంటే కోర్టు పొడవునా ఎదుటివాళ్లను వెంటాడి కాచే ఆట, వేయిస్తానంటున్నారనీ రాశారు. ఆట తీరుకు తగ్గ ఆటగాళ్లను వెతకాలా, ఉన్న ఆటగాళ్లకు తగ్గ ఆట తీరును వెతకాలా అన్నది మీ ప్రశ్న.

రెండోదే, అందులో నాకు రవ్వంత సందేహం లేదు. అసలు వెతికి తెచ్చుకునే వెసులుబాటు ఎందరికుంది? చెన్నైలో స్పోర్ట్స్ కోటా కింద సీటు ఇచ్చి, ఫీజు మాఫీ చేసి మంచి ఆటగాళ్లను చేర్చుకునే కళాశాలలు కొన్ని ఉన్నాయి. మిగతా చోట్ల కౌన్సెలింగ్‌లో ఎవరొచ్చి పడితే వాళ్లే జట్టు.

నేను చదివిన ఇంజనీరింగ్ కళాశాల చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఉంది. జట్టులో సగం మందిమి నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లం. బడిలో వాలీబాలో కబడ్డీయో ఆడి, కాలేజీలో కోర్టు కనిపించాక బాస్కెట్‌బాల్ పట్టినవాళ్లమే ఎక్కువ. మాలో ఒకడు ఆరడుగుల ఐదంగుళాల మనిషి, కనిగిరి దగ్గరి ఊరివాడు. అప్పటి కోచ్ ఒకప్పుడు రింగు కింద ఆడే సెంటర్‌గా ఆడినవారు కావడంతో, వాణ్ణి చూడగానే రింగు కింద నిలబెట్టి, “బంతి వాడికి వేయండి, మిగతాది వాడు చూసుకుంటాడు” అనేవారు. వాడు చూసుకోలేదు. రింగుకు వీపు పెట్టి ఒళ్లు ఆనించి ఆడటం వాడికి చేతకాదు, భుజం తగిలితే పక్కకు జరిగి దారి ఇచ్చే మర్యాదస్తుడు. బంతిని నేలకు కొట్టిన మరుక్షణం ఎవడో ఒక పొట్టి గార్డు (బంతి నడిపే ఆటగాడు) కింద నుంచి తట్టుకుపోయేవాడు.

ఆ ఏడాది మధ్యలో కోచ్ మానేయడంతో జట్టు పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ చేతికి వచ్చింది. ఆయన స్వతహాగా వాలీబాల్ మనిషి. కొన్నాళ్లు ఏమీ చెప్పకుండా గట్టు మీద కూర్చుని చూసి, ఒక సాయంత్రం ఆ పొడగరిని పిలిచి, “ఊళ్లో వాలీబాల్‌లో స్మాషర్‌కు బంతి లేపేది నువ్వేనా?” అని అడిగారు. “అవును సార్” అన్నాడు. మర్నాటి నుంచి వాడి చోటు రింగుకు ఎదురుగా కాస్త దూరంలో ఉండే ఫ్రీ త్రో లైను మీదికి మారింది.

ఆ తర్వాత వచ్చిన ఒక ఇంటర్ కాలేజ్ సెమీఫైనల్‌లో ఎదుటి గార్డులు మాకంటే చురుకైనవాళ్లు. మా చేతికి పాస్ అందకుండా మనిషిని మనిషి అంటిపెట్టుకుని కాచారు. మావాడు బంతిని రెండు చేతులా తలపైన పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఎత్తున దాన్ని తాకేవాడు లేడు. నేను బంతి అందుకోవడానికన్నట్టు కుడి వింగ్ (కోర్టు పక్క భాగం) నుంచి రెండడుగులు వాడివైపు వచ్చాను. నన్ను కాచేవాడు పాస్ కొట్టేయాలన్న ఆత్రంతో నా ముందుకు దూకాడు. అదే క్షణంలో నేను బయటి కాలు తన్ని బేస్‌లైన్ (రింగు వెనక గీత) వెంబడి రింగువైపు తిరిగాను. మావాడు నా వైపు చూడనైనా చూడకుండా, వేళ్ల కొసలతో, స్మాషర్‌కు లేపినంత మెత్తగా, బంతిని బోర్డుకు కాస్త ఇవతల గాలిలో వదిలాడు. నేను చేరేసరికి అది అక్కడ ఉంది. లేఅప్, అంటే రింగు దగ్గరికి పరుగున వెళ్లి వేసే బుట్ట. ఆ పూటంతా ఇదే జరిగింది. ఎదుటి కోచ్ వెనక చూసుకోమని తమిళంలో అరుస్తూనే ఉన్నారు. చూసుకోవాలంటే అంటిపెట్టుకుని కాచడం మానాలి, మానితే మా షూటర్‌కు చోటు దొరుకుతుంది. మేము తెలుగులో కేకలేసుకుని చెప్పుకోవడం మరో సౌకర్యం. అయితే చెన్నైలో ఆ రహస్యం ఎంతో కాలం నిలవదు, ప్రతి జట్టులోనూ ఒక చిత్తూరు కుర్రాడు ఉంటాడు.

ఇది మా పీడీ సార్ కనిపెట్టిన విద్య కాదు. అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం జట్టుకు పీట్ కారిల్ ఏళ్ల తరబడి నేర్పిన ఆట ఇదే. ప్రిన్స్‌టన్ ఆడే ఐవీ లీగ్‌లో ఆటకు స్కాలర్‌షిప్పులు ఇవ్వరు కనుక ఆయనకూ ఏరుకునే అవకాశం తక్కువ. 1996లో అమెరికా కళాశాలల ఎన్‌సీఏఏ టోర్నమెంట్ మొదటి రౌండులోనే, అంతకు ముందేడు విజేత అయిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ జట్టు యూసీఎల్‌ఏను ఆ జట్టు 43-41తో ఓడించినప్పుడు, గెలిపించిన బుట్ట కూడా సెంటర్ పాస్ ఇవ్వగా కాచేవాడి వెనక నుంచి వెళ్లి వేసిన లేఅప్పే.

ఆ యూసీఎల్‌ఏకే ఒకప్పుడు కోచ్‌గా ఉన్న జాన్ వుడెన్ ఇంకా గట్టి రుజువు. 1964లో ఆయన తొలి ఐదుగురిలో ఆరడుగుల ఐదంగుళాలు దాటినవాడు లేడు; ఒక్కొక్కరు ఒక్కో చోటును కాచే జోన్ ప్రెస్ వేయించి ఒక్క మ్యాచ్ ఓడకుండా టైటిల్ గెలిచారు. తర్వాత ఏడడుగులు దాటిన లూ ఆల్సిండర్, అంటే నేటి కరీం అబ్దుల్ జబ్బార్, చేతికి రాగానే అదే కోచ్ దాడినంతా అతని చుట్టూ అల్లి 1967 నుంచి వరసగా మూడు టైటిళ్లు తెచ్చారు. అంతటి మనిషే మార్చుకోగా, మీ కోచ్‌కు అడ్డమేమిటో నాకు బోధపడదు.

ఆటగాళ్లతో పాటు కోర్టును కూడా చూసుకోవాలి, దాన్నెవరూ పట్టించుకోరు. అమెరికా షూటర్ స్టెఫ్ కర్రీని చూసి ప్రతి జట్టూ మూడు పాయింట్ల 6.75 మీటర్ల గీత వెనక నుంచి విసరడం మొదలుపెట్టింది. ఆరుబయటి సిమెంటు కోర్టులో, మధ్యాహ్నం దాటి సముద్రపు గాలి లేచాక, ఆ బంతి ఎటు పోతుందో విసిరినవాడికే తెలియదు. ఇక ఏప్రిల్ ఎండలో మూడింటికి మ్యాచ్ పెట్టే నిర్వాహకులకు దండం పెట్టాలి. ఆ వేడిలో 28 మీటర్ల పొడవునా ప్రెస్ వేయాలంటే తొమ్మిది పదిమంది సమానంగా ఆడగలిగిన బెంచీ కావాలి, మీ లెక్క చూస్తే అది లేదు.

మీ ముగ్గురు పొడగరులతో నేనైతే 2-3 జోన్, అంటే ముందు ఇద్దరు, రింగు దగ్గర ముగ్గురు తమ తమ చోట్లను కాచే ఆట, వేయిస్తాను. అమెరికాలో సిరక్యూస్ విశ్వవిద్యాలయం జట్టుకు జిమ్ బేహైమ్ దశాబ్దాల పాటు అదే వేయించి 2003లో టైటిల్ గెలిచారు. పొడుగు చేతులు పాస్ దారులు మూస్తాయి, పరుగూ తగ్గుతుంది; మూలల్లోంచి షూటర్లు దెబ్బతీస్తారు, ఎవరి మనిషి ఎవరో తేలక రీబౌండ్లు (గురి తప్పి తిరిగొచ్చే బంతులు) జారిపోతాయి, కాబట్టి ఆ రెండింటి మీదే ప్రాక్టీసు పెట్టాలి. ప్రెస్ ఉండాల్సిందేనని కోచ్ పట్టుబడితే, మీ ఫ్రీ త్రో పడ్డ తర్వాత మాత్రమే వేద్దామనండి. అప్పుడు నెమ్మదివాళ్లకు కూడా తమ చోటికి చేరే వ్యవధి ఉంటుంది. మా ఆటను యథాతథంగా ఎత్తుకోవద్దు: మేమాడిన పోటీల్లో షాట్ క్లాక్ (బంతిని రింగుకు విసరాల్సిన గడువు) ఉండేది కాదు, 1996లో అమెరికా కళాశాలలకు 35 సెకన్లు ఉండేవి, మీకు అంతర్జాతీయ సమాఖ్య ఫీబా లెక్కన 24 మాత్రమే, అందులో మధ్య గీత దాటడానికే 8 వరకు పోవచ్చు. ముగ్గురిలో పాస్ ఎవరికి వచ్చో తేల్చడానికి షూటింగ్ చేయించి లాభం లేదు. డ్రిబుల్ నిషేధించి సగం కోర్టులో ఐదుగురు-ఐదుగురు ఆట పెట్టించండి, ఎవరి చేతిలోంచి బంతి ముందుగా బయటికి వస్తుందో వాణ్ణి ఫ్రీ త్రో లైను మీదికి పంపండి.