పీహెచ్‌డీకి ముందు ఒక ఏడాది ల్యాబ్‌లో

ప్రశ్న: మాది మందస మండలంలో ఒక సవర గూడెం. కొద్దిగా జీడి తోట ఉంది. మా అమ్మాయి శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సెమిస్టర్‌లో ఉంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో కనిపెట్టాలట, పీహెచ్‌డీ చేస్తానంటోంది. మా ఇళ్లలో డిగ్రీ దాటినవాళ్లు లేరు. బీఈడీ చేయించి డీఎస్సీ రాయించమని అందరూ చెబుతున్నారు. పీహెచ్‌డీకి ఎంత ఖర్చవుతుంది? మా అమ్మాయి నెగ్గుకు రాగలదా?

జవాబు: నమస్కారమండీ. ముందు డబ్బు సంగతి చెబుతాను, ఎందుకంటే మీ టెన్షన్ అక్కడే ఉంది. ఇది మీరు అప్పు చేసి చదివించాల్సిన చదువు కాదు. సైన్స్ పీజీ పిల్లలు రాసే జాతీయ అర్హత పరీక్ష సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 రూపాయలు ఇస్తారు. ఇంటద్దె భత్యం అదనం. జేఆర్‌ఎఫ్ రాకపోయినా దారి మూసుకుపోదు. 2024 నుంచి అదే పరీక్షలో పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత ఇచ్చే విభాగం కూడా పెట్టారు. అలా సీటు తెచ్చుకుని, కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఎస్టీ విద్యార్థులకు ఇచ్చే జాతీయ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. ఏటా 750 మందికి ఇస్తారు, పీజీ మార్కులు చూసి ఎంపిక చేస్తారు. అందుకే ఈ ఆఖరి సెమిస్టర్ మార్కులను తేలిగ్గా తీసుకోవద్దని అమ్మాయికి చెప్పండి.

ఇక నెగ్గుకు రావడం. విజయనగరంలో నా దగ్గరకు వచ్చే పిల్లల్లో తెలివి తక్కువై వెనకబడినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. పట్నంలో పెద్ద సంస్థల పక్కన చదివినవాళ్లు ఎమ్మెస్సీ అయ్యేసరికే నాలుగు ల్యాబులు చూసి ఉంటారు. మన పిల్లల్లో చాలామంది డీఎన్‌ఏకు కాపీలు తీసే పీసీఆర్ మెషీన్‌ను రికార్డు పుస్తకంలో బొమ్మగా గీసి ఉంటారు, చేత్తో నడిపి ఉండరు. ఆ తేడా ఇంటర్వ్యూలో బయటపడుతుంది. అది పూడ్చడానికి ఏడాది చాలు. అమెరికాలో ఇలాంటి పిల్లల కోసమే డిగ్రీకీ పీహెచ్‌డీకీ మధ్య ఏడాదో రెండేళ్లో జీతమిచ్చి ల్యాబ్‌లో పని నేర్పే ప్రోగ్రాములు నడిపారు. మన దగ్గర ఆ పేరుతో లేవు గానీ, ఆ పని చేసే పోస్టులున్నాయి. పరిశోధన ప్రాజెక్టుల్లో ప్రాజెక్ట్ అసిస్టెంట్, ప్రాజెక్ట్ అసోసియేట్ అంటారు. నెట్ లేకపోయినా తీసుకునేవి ఉంటాయి, జీతమూ ఇస్తారు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, జాతీయ పోషకాహార సంస్థ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థల వెబ్‌సైట్లు చూస్తుండాలి. మీకు హైదరాబాద్ కన్నా భువనేశ్వర్ దగ్గర, పలాసలో రైలెక్కితే చాలు. అక్కడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. మనవాళ్లకు ఎందుకో అటువైపు చూపే పోదు.

ఆ ఏడాదిలో అమ్మాయికి దొరికే అసలు విలువైనది సర్టిఫికెట్ కాదు. తన పనిని దగ్గరుండి చూసిన ఒక శాస్త్రవేత్త రాసే ఉత్తరం. ‘ఈ అమ్మాయి ప్రయోగం మూడుసార్లు చెడినా నాలుగోసారి ఎందుకు చెడిందో పట్టుకుంది’ అని ఒకరు రాస్తే, దాని ముందు మార్కుల జాబితా చిన్నబోతుంది.

ఉద్దానం గురించి అమ్మాయి కోరిక నాకు చాలా నచ్చింది. కానీ ‘కారణం కనిపెడతాను’ అంటే ఇంటర్వ్యూలో ‘ఎలా?’ అని అడుగుతారు. ఈ జబ్బు చాలామందిలో షుగర్, బీపీ లేకుండానే వస్తోంది. శ్రీలంకలో వరి రైతులకు, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కూలీలకు కూడా ఇలాంటిదే వస్తోంది. నీళ్లు, ఎండలో ఒళ్లు ఎండిపోవడం, పురుగుమందులు, నొప్పి మాత్రలు, అన్నిటి మీదా అనుమానం ఉంది, ఏదీ పూర్తిగా తేలలేదు. అమ్మాయిని ఇలా ఆలోచించమనండి: ఒకే ఇంట్లో, ఒకే బోరు నీళ్లు తాగుతూ, ఒకరు రోజంతా తోటలో ఎండలో పనిచేస్తారు, మరొకరు నీడపట్టున ఉంటారు. ఇద్దరి క్రియాటినిన్‌ను (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష) వేసవికి ముందు, తర్వాత చూస్తే ఏం తెలుస్తుంది? ఒక్కరోజు పరీక్ష ఎందుకు చాలదు, మూడు నెలల తర్వాత మళ్లీ ఎందుకు చూడాలి? తోటకు వెళ్లేవాళ్లే నొప్పి మాత్రలు కూడా ఎక్కువ వేసుకుంటుంటే ఏది కారణమని చెప్పగలం? ఈ మూడో ప్రశ్న తనంతట తాను వేసుకున్న రోజున మీ అమ్మాయి పరిశోధన మొదలుపెట్టినట్టే.

నెట్‌కి కూడా ఈ అలవాటే పనికొస్తుంది. లైఫ్ సైన్సెస్ పేపరు 200 మార్కులు, అందులో సగం పార్ట్ సీ. అక్కడ ప్రయోగం చెప్పి ఫలితం ఏమవుతుందో అడుగుతారు. గైడు బట్టీ పట్టినవాళ్లు అక్కడే జారిపోతారు. వైద్య, జీవశాస్త్ర పరిశోధన పత్రాలు వెతుక్కునే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే పరిశోధన పత్రం వారానికొకటి చదివి, ముందు బొమ్మలు, గ్రాఫులు చూసి, వాళ్లు దేన్ని దేనితో పోల్చారో నోట్‌బుక్‌లో తెలుగులోనైనా సరే రాసుకోమనండి. ఇంగ్లిష్‌లో చెప్పడం తర్వాత వస్తుంది.

భాష అంటే గుర్తొచ్చింది. ఇంట్లో సవర మాట్లాడతారని ఇంటర్వ్యూలో చెప్పడానికి సంకోచించవద్దు. గూడేల్లో రక్త నమూనా తీసుకునే ముందు అది ఎందుకో, కాదనే హక్కు వాళ్లకుందని అర్థమయ్యేలా చెప్పి సమ్మతి తీసుకోవాలి. ఆ మాట సవరలో చెప్పగల పరిశోధకురాలు దొరకడం ఎంత కష్టమో ఆ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు.

ఒక జాగ్రత్త. డబ్బు కట్టించుకుని ఎమ్మెస్సీ ప్రాజెక్టు ‘చేసిపెట్టే’ ప్రైవేటు ల్యాబులున్నాయి. ఆ జోలికి పోవద్దు. నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి అలా కొన్న ప్రాజెక్టుతో ఇంటర్వ్యూకి వెళ్లి, రెండో ప్రశ్నకే నోరు పెగలక తిరిగొచ్చాడు. కాలేజీలో ఉన్న పరికరాలతోనే చిన్న పని చేసినా పర్వాలేదు, తన చేత్తో చేయాలి. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో ఉన్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి.

బీఈడీ చెడ్డదని నేను అనను. రెండేళ్లు ప్రయత్నించాక కూడా ఆ చదువు చదవవచ్చు, కానీ ల్యాబ్ అలవాటు ఒకసారి తప్పితే మళ్లీ రావడం కష్టం. అందుకే ముందు ఇది. పీహెచ్‌డీ ఐదారేళ్లు పడుతుంది, మధ్యలో నెలల తరబడి ఏ ఫలితమూ రాని రోజులుంటాయి. అప్పుడు ఫోన్ చేసి ‘ఇంకా ఎప్పుడవుతుందమ్మా’ అని అడగకుండా, ‘తిన్నావా’ అని అడగండి.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. కుల ధ్రువీకరణ పత్రంలో అమ్మాయి పేరు, ఇంటిపేరు, మీ పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఎమ్మార్వో ఆఫీసులో ఇప్పుడే దిద్దించండి. ఫెలోషిప్ దరఖాస్తు గడువు నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా అది కుదిరే పని కాదు.