నీ గొంతు కాస్త తగ్గించు, అమ్మాయీ

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ మండలంలోని కమ్యూనిటీ రేడియోలో వారానికొకసారి ఊరి విషయాల మీద చర్చా కార్యక్రమం నడిపే బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆకాశవాణిలో ముప్ఫై ఏళ్లు పనిచేసినదాన్ని కనుక నాలుగు మాటలు రాసి పంపమని అడిగావట. చెప్పవలసినది ముఖ్యంగా ఒక్కటే ఉంది: ఆ అరగంటలో అందరికంటే తక్కువగా వినపడవలసిన గొంతు నీదే. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా కేంద్రం ప్రసారాలు జిల్లాలు దాటి వెళ్లేవి. మీ 100 వాట్ల ట్రాన్స్‌మిటరు 10, 15 కిలోమీటర్లకు మించి వినపడదు. దాన్ని లోటుగా తలచుకోవద్దు, తేలికగానూ తీసుకోవద్దు. ఫిర్యాదు చేసే మనిషి, ఆ ఫిర్యాదు ఎవరి మీదో ఆ మనిషి, ఇద్దరినీ ఎరిగిన టీకొట్టాయన, అందరూ ఆ పరిధిలోనే ఉంటారు కనుక రాత్రి నువ్వు అన్న మాట తెల్లవారేసరికి ఎవరో ఒకరి గుమ్మంలో నిలబడి ఉంటుంది.

నాకు అలాగే జరిగింది. ఒక ఫోన్-ఇన్ కార్యక్రమంలో ఒక ముసలావిడ, మూడు నెలలుగా తనకు రేషను బియ్యం అందడం లేదని డీలరు పేరు పెట్టి మరీ చెప్పింది. ఆవిడ మాట పూర్తి కాకముందే నేను "ఎంత అన్యాయమండీ" అనేశాను. మరునాడు పొద్దున్నే ఆ డీలరు రిజిస్టరు చంకన పెట్టుకుని మా గేటు దగ్గరకు వచ్చాడు. మూడు నెలల గడుల్లోనూ వేలిముద్రలు ఉన్నాయి. అవి ఆవిడ కోడలివి. కాపురాలు వేరుపడ్డాయి గాని కార్డు వేరుపడలేదు. "కార్డు ఎవరి దగ్గర ఉందమ్మా?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకుని ఉంటే ఆ సంగతి ఆవిడ నోటనే వచ్చేది. తరువాతి వారం అదే కార్యక్రమంలో డీలరుకు క్షమాపణ చెప్పుకుని, కార్డు విడదీయించుకునే పద్ధతిని వివరించడానికి తహసీల్దారు కార్యాలయం నుంచి ఒకరిని పిలిపించాను. ఆ రెండో కార్యక్రమానికి వచ్చినన్ని ఫోన్లు మొదటిదానికి రాలేదు; కోడళ్లు కూడా చేశారు.

అంశాన్ని చిన్నదిగా ఎంచుకో. "తాగునీటి సమస్య" అని పెడితే ఎవరైనా ఏదైనా మాట్లాడవచ్చు, ఎవరూ దేనికీ జవాబు చెప్పనవసరం లేదు. "మా కాలనీ చివరి కుళాయికి నీళ్లు ఏ వేళకు వస్తున్నాయి?" అని పెట్టి చూడు. ముందురోజే అక్కడికి వెళ్లి, బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో నిలబడి చూసి రా. ఇంజనీరు గారితోపాటు రోజూ వాల్వు తిప్పే మనిషిని కూడా పిలువు. ఏ వీధి ఎత్తున ఉందో, పైపు ఎక్కడ కారుతోందో ఆయనకు తెలిసినట్టు కాగితాలకు తెలియదు. అధికారులకు మాత్రం ప్రశ్నలు ముందుగానే పంపించు. మైకు ముందు కూర్చోబెట్టి ఇరుకున పెడితే ఆ ఒక్కరోజు రక్తి కడుతుంది గాని, ఆ తరువాత ఆ కార్యాలయం నుంచి నీ స్టూడియోకు ఎవరూ రారు.

ఇంకొకటి, మా తరం వాళ్లం గమనించకుండానే చేసిన తప్పు. "ఎంపీడీవో గారూ, మీరు చెప్పండి" అన్న నోటితోనే, కూలికి వెళ్లి వచ్చిన ఆవిడను "ఏమ్మా, నువ్వు చెప్పు" అంటాము. ఆ రెండు ముక్కలతోనే ఎవరి మాటకు ఎంత విలువో శ్రోతకు తెలిసిపోతుంది. "గారు" అంటే అందరినీ అను, లేదా ఎవరినీ అనవద్దు. వాళ్ల యాసను దిద్దవద్దు. జహీరాబాదు దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో గురించి నీకు తెలిసే ఉంటుంది. స్వచ్ఛంద సంస్థల తరఫున దేశంలో మొదలైన తొలి కమ్యూనిటీ రేడియో అది. లైసెన్సు రాకముందే ఏళ్ల తరబడి వాళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘం సమావేశాల్లో వినిపించేవారు. జొన్నల గురించి, కొర్రల గురించి, దాచుకున్న విత్తనం గురించి ఇంట్లో మాట్లాడే భాషలోనే రేడియోలోనూ మాట్లాడారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు రాసినవారిలో జస్టిస్ పి.బి. సావంత్ గారు ఒకరు, మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు మరొకరు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియోను ప్రారంభించినది ఆ సావంత్ గారే.

నిబంధనలు ఒకసారి శ్రద్ధగా చదువుకో. సొంతంగా వార్తలు గాని, రాజకీయాలు గాని ప్రసారం చేసే హక్కు మీకు లేదు. ఆకాశవాణి వార్తలు వినిపించుకోవచ్చు. అయితే నీటి సరఫరా, కరెంటు, ఆరోగ్య హెచ్చరికలు, జాతరలు, పరీక్షా ఫలితాల వంటి స్థానిక సమాచారం వార్తల కిందికి రాదు. కాబట్టి పార్టీల పేర్లు ఎత్తకుండానే పింఛను గురించి, బడి గురించి, ఆసుపత్రి గురించి నిక్షేపంగా మాట్లాడుకోవచ్చు. ఎవరైనా పార్టీ ఊసు తెస్తే "అది వదిలేసి, మీకు పింఛను ఏ తేదీన అందింది?" అని అడుగు. ప్రసారమైన ప్రతి కార్యక్రమాన్నీ 3 నెలలు భద్రపరచాలన్న నియమం కూడా ఉంది. ఆ డీలరు ఉదంతంలో అసలు నేను ఏమన్నానో తేల్చుకోవడానికి నాకు టేపే సాక్ష్యం అయింది.

దసరాకు వచ్చేటప్పుడు నీ మొదటి కార్యక్రమం రికార్డింగు ఫోనులో వేసుకురా. చేతిలో గడియారం పెట్టుకుని, అందులో నువ్వు ఎన్ని నిమిషాలు మాట్లాడావో ఇద్దరం కలిసి లెక్క వేద్దాం. ఆరు దాటితే బూరెలు లేవు.

ఇట్లు,
మీ పెద్దమ్మ