అంతా ‘బాగుంది’ అంటారు, రాజీనామా ఇస్తారు

ప్రశ్న: 300 మంది ఉన్న కంపెనీలో హెచ్‌ఆర్‌గా చేస్తున్నాను. పేరు రాయక్కర్లేదని సర్వే పెడితే అందరూ ‘బాగుంది’ దగ్గరే టిక్కు పెడతారు. నెల తిరక్కుండా రాజీనామాలు! లోపం ఎక్కడుందండీ?

జవాబు: పేరు అడగలేదు సరే, విభాగం, వయసు, చేరిన సంవత్సరం అడిగారా? నలుగురున్న టీమ్‌లో ఆ మూడూ చాలు, మనిషి దొరికిపోతాడు. ఇక నోరెవరు విప్పుతారు? ఆ గడులు తీసేయండి. చిన్న టీమ్‌ల జవాబులు కలిపి చూడండి. ఇంకోటి, జీతం, కుర్చీలు, రూల్స్ బాగుంటే సణుగుడు తగ్గుతుంది, అంతే. తృప్తి మాత్రం గుర్తింపు, బాధ్యత, చేసే పని వల్లే వస్తుందని అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బెర్గ్ 1959లోనే చెప్పాడు. (పుట్టినరోజు కేకులు ఆ లెక్కలోకి రావు!) కిందటిసారి ఉద్యోగులు అడిగినవాటిలో ఒక్కటైనా చేసి, ఆ సంగతి నోటీసు బోర్డులో పెట్టాకే కొత్త ఫారం పంచండి.